యాత్రలో మొదటి దినము: దారి ప్రక్క గ్రామముల బాధ్యత

దూరయాత్రకు బయలుదేరినవానికి మొదటి దినమే మిక్కిలి కష్టమైనది. కాళ్లు ఇంకను నడకకు అలవాటు పడియుండవు. మూట ఎంత బరువైనదో మోసిన పిమ్మటగాని తెలియదు. దారి కొత్త, భాష కొత్త, మనుష్యులు కొత్త. అట్టి దినమున యాత్రికునకు తోడుపడువారెవరు? అతని బంధువులు కారు. అతని ఊరివారును కారు. అతడు నడచు దారి ప్రక్కనున్న చిన్న గ్రామములవారే అతనికి దిక్కు. ఫ్రాన్సు, స్పెయిను దేశముల నడుమ వేయి సంవత్సరములకు పైగా సాగుచున్న ఒక క్రైస్తవ యాత్రలోని మొదటి దినమును పరిశీలించినచో ఈ సంగతి చక్కగా బోధపడును. గ్రామపాలన బాధ్యత వహించిన పంచాయతీ సభ్యులు ఇందు గ్రహింపదగిన విషయములు అనేకము కలవు.

యాత్ర ఎచ్చటికి?

యేసుక్రీస్తు పన్నిద్దరు శిష్యులలో జెబెదయి కుమారుడగు యాకోబు ఒకడు. హేరోదు రాజు ఆయనను ఖడ్గముతో చంపించెనని బైబిలులోని అపొస్తలుల కార్యములను గ్రంథము తెలుపుచున్నది. ఆయన భౌతిక దేహమును శిష్యులు ఓడలో స్పెయిను దేశపు వాయవ్యభాగమునకు చేర్చిరని అచ్చటి క్రైస్తవుల విశ్వాసము. 9వ శతాబ్దములో ఆయన సమాధి బయల్పడినదను వార్త వ్యాపించెను. ఆ స్థలమున దేవాలయము వెలసెను. దేవాలయము చుట్టును సాంటియాగో ద కొంపొస్తెలా అను నగరము పెరిగెను. సాంటియాగో అనగా పరిశుద్ధ యాకోబు అని అర్థము. మధ్యయుగముల ఐరోపాలో క్రైస్తవులకు జెరూసలేము, రోముల తరువాత ఇంతటి ప్రఖ్యాతి గల యాత్రాస్థలము వేరొకటి లేకుండెను.

ఈ నగరమునకు పలుదిక్కులనుండి మార్గములు కలవు. వానిలో ప్రసిద్ధమైనది ఫ్రెంచి మార్గము. ఫ్రాన్సు సరిహద్దున సాన్ జాన్ పియె ద పోర్ అను చిన్న పట్టణమునుండి బయలుదేరువారు సుమారు 780 కిలోమీటర్లు నడువవలెను. ఇందులకు ఒక నెలకు పైగా పట్టును. స్పెయిను దేశములోని ఈ మార్గమును యునెస్కో సంస్థ 1993లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

ఒకప్పుడు ఈ యాత్ర దాదాపు అంతరించినది. 1980వ దశకము మధ్యలో అన్ని మార్గముల మీదుగాను వచ్చి సాంటియాగోలో యాత్రాపత్రము పొందినవారు ఏటికి రెండుమూడు వేలకు మించలేదు. 2019లో వారి సంఖ్య 3,47,578. 2024లో అది ఐదు లక్షలకు చేరువైనది. వీరిలో పలువురు చివరి నూరు కిలోమీటర్లు మాత్రమే నడచువారైనను, పర్వతము దాటి మొదటినుండి నడచువారును వేలకొలది కలరు. భక్తిచే వచ్చువారు కొందరు. మనశ్శాంతికై, చరిత్రను చూచుటకై వచ్చువారు మరికొందరు.

బయలుదేరు ఊరు

సాన్ జాన్ పియె ద పోర్ అను పేరునకు కనుమ పాదమున నున్న సాన్ జాన్ అని అర్థము. పిరనీసు పర్వతముల అడుగున, నీవ్ నది ఒడ్డున, సముద్రమట్టమునకు సుమారు 170 మీటర్ల ఎత్తున ఈ ఊరున్నది. జనసంఖ్య రెండువేలకు లోపు. ఇది బాస్కు జాతివారి సీమ. వారి భాషకు ఫ్రెంచి, స్పానిషు భాషలతో బంధుత్వము లేదు. వేసవి దినములలో ఈ చిన్న ఊరికి ప్రతిదినము వందలకొలది యాత్రికులు వచ్చి దిగుదురు.

కోటకు పోవు రాతివీథిలో యాత్రికుల కార్యాలయమున్నది. దీనిని నడపువారు ఉద్యోగులు కారు. పూర్వము ఈ యాత్ర చేసియున్న స్వచ్ఛంద సేవకులు. పలుభాషలు తెలిసినవారు బల్లల వద్ద కూర్చుండి వచ్చినవారితో ఒక్కొక్కరితో మాటలాడుదురు. దారిలోని ఎత్తుపల్లములను చూపు పటమును, బసల జాబితాను ఇత్తురు. మరునాడు వాన గలదా, గాలి గలదా, పొగమంచు గలదా, ఏ దారి తెరచియున్నది అను సంగతులు తెలుపుదురు.

ఇచ్చటనే యాత్రికునకు క్రెదెన్సియాల్ అను మడతల పుస్తకము లభించును. ప్రతి మజిలీలోను దానిపై ఒక ముద్ర వేయించుకొనవలెను. ఈ పుస్తకమున్నవారికే యాత్రికుల సత్రములలో చోటు దొరకును. తుదకు సాంటియాగోలో ఈ ముద్రలను చూచియే యాత్రాపత్రము నిత్తురు. దీనితోపాటు మూటకు కట్టుకొనుటకు ఒక ఆల్చిప్పయు లభించును. గలీసియా సముద్రతీరమున దొరకు ఈ చిప్ప మధ్యయుగములనుండియు ఈ యాత్రకు గురుతు. దానిని చూచినవారు, ఇతడు బాటసారి, ఇతనికి సాయపడవలెనని గుర్తింతురు.

మూట బరువు శరీరపు బరువులో పదవవంతునకు మించరాదని అనుభవజ్ఞులు చెప్పుచుందురు. అరువది కిలోల మనుష్యునకు ఆరు కిలోలు చాలును. ఈ మాట వినని పలువురు మొదటి సాయంకాలమే అనవసరపు సామగ్రిని వదలించుకొను ఉపాయము వెదకుదురు.

రెండు దారులు

ఇచ్చటినుండి స్పెయినులోని రోన్సెస్‌వాయెస్ చేరుటకు రెండు దారులున్నవి. ఒకటి వల్కార్లోస్ అను గ్రామము మీదుగా లోయ వెంబడి పోవును. రెండవది కొండ శిఖరముల మీదుగా పోవును. 1808 - 1814 నాటి యుద్ధములో నెపోలియను సేనలు దీనిని ఉపయోగించినందున దీనికి నెపోలియను దారి అని పేరు. పొడవు సుమారు 25 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,250 మీటర్లు. తిరుమల క్షేత్రము సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తుననున్నది. ఈ యాత్రికుడు మొదటి దినముననే సుమారు 1,430 మీటర్ల ఎత్తునకు ఎక్కి, మరల దిగవలెను.

కొండదారి సౌందర్యము గొప్పదే. కాని వాతావరణము మారినచో అది ప్రాణాంతకమైనది. మంచు కురిసినపుడు కాలిబాట కానరాదు. పొగమంచు క్రమ్మినపుడు పది అడుగుల దూరమున మనిషి కనబడడు. చలికాలములో దారి తప్పి ప్రాణములు గోల్పోయినవారు గలరు. సహాయక దళములవారు తమ ప్రాణములకు తెగించి రక్షించినవారును గలరు. కావున నవార్ ప్రాంతీయ ప్రభుత్వమువారు నవంబరు 1వ తేదీ మొదలు మార్చి 31వ తేదీ వరకు ఈ కొండదారిని మూసివేయుదురు. ఆ ఐదు నెలలును అందరును లోయ దారినే పోవలెను. ఆజ్ఞ మీరినవారు జరిమానాకు గురియగుదురు.

యాత్రికులకు దారి చూపుట ఎంత పుణ్యమో, ప్రమాదకరమైన దారిని సకాలమున మూయుటయు అంత పుణ్యమే. అయితే మూసిన దారికి బదులు వేరొక దారిని చూపవలెను. ఇచ్చట ఆ రెండును జరుగుచున్నవి.

కొండ ఎక్కుట

తెల్లవారకముందే యాత్రికులు లేచి, నీవ్ నది వంతెన దాటి, స్పెయిను ద్వారమను పాత కోటవాకిలి గుండ వెలుపలికి వత్తురు. ఆ వాకిలి దాటినంతనే ఎక్కుడు ఆరంభమగును. మొదటి ఎనిమిది కిలోమీటర్లు మిక్కిలి నిట్టనిలువైనవి. ఐదవ కిలోమీటరు వద్ద హోంటో అను పల్లె, ఎనిమిదవ కిలోమీటరు వద్ద ఒరిస్సోన్ అను చోట ఒక బస వచ్చును. అంతటితో ఇండ్లు ముగియును. ఇచ్చట సీసాలలో నీరు నింపుకొనవలెనని, తినుబండారములు తీసికొనవలెనని ముందుదినమే కార్యాలయమువారు హెచ్చరించియుందురు. వృద్ధులును, నడక చాలనివారును ఒరిస్సోన్‌లో ముందుగా చోటు కుదుర్చుకొని, మొదటి దినపు నడకను రెండు దినములుగా పంచుకొందురు. అందులో సిగ్గుపడవలసినది లేదు.

అటుపిమ్మట చెట్లు తగ్గి పచ్చికబయళ్లు కనబడును. గొఱ్ఱెలమందలు, పొట్టి గుఱ్ఱములు, తలలపై ఎగురు రాబందులు తప్ప వేరు తోడు లేదు. సుమారు 1,100 మీటర్ల ఎత్తున రాళ్లపై మరియమాత ప్రతిమ కలదు. యాత్రికులు అచ్చట కొంతసేపు నిలిచి ప్రార్థించి, ఊపిరి తీసికొందురు.

ఈ పచ్చికబయళ్లను గూర్చి ఒక మాట. ఇవి ఏ ఒక్క ఆసామి సొత్తును కావు. సీజ్ లోయలోని గ్రామములకు ఇవి ఉమ్మడి మేతభూములు. గ్రామముల ప్రతినిధులు కూడిన ఒక సంఘము వీని నిర్వహణము చూచుకొనును. సరిహద్దు కిరువైపులనున్న గ్రామములవారు పశువులను మేపుకొనుటకు వాడుక చొప్పున చేసికొన్న ఒడంబడికలు 1856 నాటి బయోన్ సంధిలో కూడ గుర్తింపబడినవి. రాజ్యములు పోరాడుకొన్నను, పశువుల మేత విషయమున గ్రామములు సమాధానపడినవి. యాత్రికుడు నడచునది ఇట్టి ఉమ్మడి నేలపైననే. కావున మందలను బెదరింపకుండుట, తీసిన గేటును మరల మూయుట, చెత్త పారవేయకుండుట అతని విధి.

దారి చూపు గుర్తులు

ఫ్రాన్సువైపు రాళ్లపైనను చెట్లపైనను తెలుపు, ఎఱుపు చారలు వేసియుందురు. స్పెయినులో అడుగడుగునను పసుపుపచ్చని బాణపు గుర్తులుండును. ఈ బాణముల చరిత్ర తెలిసికొనదగినది. గలీసియాలోని ఓ సెబ్రెయిరో అను కొండపల్లెలో ఎలియాస్ వాలిన్యా అను మతగురువు ఉండెడివాడు. మరచిపోబడిన ఈ మార్గము చరిత్రను ఆయన శ్రద్ధతో పరిశోధించెను. 1984లో పసుపురంగు డబ్బాలను తన కారులో వేసికొని, మార్గము పొడవునను మలుపు మలుపునను బాణములు గీయుచు పోయెను. ఆ దారిలోని ఊళ్లవారిని కలసికొని, మీ మీ ఊళ్లలో యాత్రికుల సంఘములను పెట్టుకొనుడని ప్రోత్సహించెను. 1989లో ఆయన కాలధర్మము నొందెను. నేడు లక్షలమంది ఆ బాణములను నమ్ముకొని నడచుచున్నారు.

ఒక బాణపు గుర్తుకు అయ్యెడి ఖర్చు అత్యల్పము. దానికి భాష అక్కరలేదు, చదువు అక్కరలేదు. అయితే ఒక్కసారి గీసినంత మాత్రమున చాలదు. ఎండకు, వానకు రంగు వెలిసిపోవును. ఏటేట ఎవరో ఒకరు మరల గీయవలెను. స్థానిక యాత్రాసంఘములవారు ఆ పని చేయుచున్నందుననే దారి నిలిచియున్నది.

సరిహద్దు, శిఖరము, దిగుడు

మరికొన్ని గంటలు నడచినపిమ్మట రోలాన్ పేరుగల ఒక నీటి ఊట వచ్చును. ఇళ్లులేని కొండపై ఆ నీటికి విలువ కట్టలేము. దానికి సమీపముననే దేశముల సరిహద్దున్నది. అచ్చట తనిఖీ కార్యాలయము లేదు. పశువులు దాటకుండ అమర్చిన ఇనుపకమ్ముల వరుసయు, ఒక రాతిగుర్తును మాత్రమే కలవు. ఈ రెండు దేశములును షెంగెన్ ఒడంబడికలో చేరినవి. కావున భారతదేశమునుండి పోవువారికి ఒకే వీసా రెండింటికిని చెల్లును.

సరిహద్దు దాటినపిమ్మట బీచ్ చెట్ల అడవి అంచున నడచి, లెపోడేర్ అను శిఖరకనుమ చేరుదురు. ఇదియే ఆ దినపు అత్యున్నత స్థానము. దిగువ అడవి నడుమ రోన్సెస్‌వాయెస్ మఠపు కప్పులు కనబడును. ఇక కష్టము తీరినదని యాత్రికుడు సంతోషించును గాని, ప్రమాదము ఇచ్చటనే ఎక్కువ. అలసిన మోకాళ్లతో సుమారు 480 మీటర్లు దిగవలెను. అడవి గుండ పోవు దగ్గరిదారి నిట్టనిలువైనది. తడిసిన ఆకులపై కాలు జారును. ఇబాన్యెతా కనుమ మీదుగా పోవు చుట్టుదారి కొంచెము పొడవైనను సులువైనది. చుట్టుదారినే పొండని బయలుదేరినచోటనే సేవకులు పటముపై గీతగీసి చెప్పుదురు.

ఇబాన్యెతా కనుమ ప్రాచీనమైనది. క్రీ.శ. 778లో షార్లమేన్ చక్రవర్తి స్పెయినునుండి మరలిపోవుచుండగా ఈ కొండలలోనే బాస్కులు అతని వెనుకసేనను నాశనము చేసిరి. ఆ పోరులో మరణించిన రోలాన్ పేరుతో గొప్ప వీరగాథ పుట్టినది. కాని యాత్రికులకు ఈ కనుమ వేరొక కారణముచే పూజ్యమైనది. పూర్వకాలమున ఇచ్చటి మఠములో, రాత్రివేళను పొగమంచు క్రమ్మినపుడును, గంట మ్రోగించెడివారు. దారి కానరాని బాటసారి ఆ ధ్వని వచ్చిన దిక్కుకు నడచి ప్రాణములు దక్కించుకొనెడివాడు. గంట త్రాడు పట్టినవారి పేర్లు చరిత్రలో లేవు. వారిచే రక్షింపబడినవారి సంఖ్యయు ఎవరును లెక్కించి యుండలేదు.

అందరికి తెరచిన వాకిలి

సాయంకాలమునకు యాత్రికుడు రోన్సెస్‌వాయెస్ చేరును. ఇచ్చట స్థిరనివాసులు కొద్ది పదులమంది మాత్రమే. కాని 12వ శతాబ్దపు పూర్వభాగమునుండియు ఇచ్చట యాత్రికులకై ఒక ధర్మసత్రమున్నది. ఆ కాలమున ఆసుపత్రి అనగా రోగులకే గాక బాటసారులకు కూడ ఆశ్రయము. ఈ సత్రమును పొగడుచు 13వ శతాబ్దములో లాటిను భాషలో ఒక పద్యకృతి వెలసినది. వచ్చినవారి కాళ్లు కడుగుట, క్షౌరము చేయుట, తెగిన పాదరక్షలు బాగుచేయుట, రోగులకు శుశ్రూష చేయుట అందు వర్ణింపబడినవి. క్రైస్తవులకే గాక యూదులకును, అన్యమతస్థులకును ఈ వాకిలి తెరచియుండెనని ఆ కృతి చాటినది. మతభేదముచే రక్తము ప్రవహించిన ఆ కాలములో ఇది సామాన్యమైన మాట కాదు. దారిలో మరణించినవారి అస్థికలను ఉంచిన చిన్న గుడియు ఇచ్చట నేటికిని నిలిచియున్నది.

ప్రస్తుత సత్రము ప్రాచీన భవనములో నూతనముగ తీర్చబడి 2011లో తెరువబడినది. ఇందు 183 మంచములు కలవు. నెదర్లాండ్సు దేశమునుండి వంతులవారీగ వచ్చు స్వచ్ఛంద సేవకులు యాత్రికులను ఆహ్వానించి, ముద్రలు వేసి, చోటు చూపుదురు. బురద పాదరక్షలను క్రిందనే ఒక గదిలో విడువవలెను. స్నానమునకు, బట్టలుతుకుటకు ఏర్పాట్లున్నవి. రాత్రి పది గంటలకు దీపములార్పుదురు. ఉదయమున అందరును ఖాళీచేయగా గదులు శుభ్రపరచి, తరువాతి వారికి సిద్ధము చేయుదురు. ధనికుడైనను పేదయైనను మంచము ఒక్కటే, నియమము ఒక్కటే.

సాయంకాలపు ఆరాధనలో గురువులు యాత్రికులను ఆశీర్వదింతురు. ఆనాడు వచ్చినవారి దేశముల పేర్లు ఆశీర్వచన సమయమున చదువుదురు. అలసియున్న యాత్రికుడు తన దేశము పేరు విని, తాను పరాయివాడను కానని ధైర్యము తెచ్చుకొనును. వెలుపల దారి ప్రక్క ఒక పలక సాంటియాగోకు 790 కిలోమీటర్లని చూపుచున్నను, మరునాడు నడువగల ధైర్యము అతనికి కలుగును.

సుంకములవారి అపకీర్తి

ఈ దారిపై మంచివారే యుండిరని తలపరాదు. 12వ శతాబ్దములో యాత్రికులకై వ్రాయబడిన ఒక లాటిను మార్గదర్శిని నేటికిని సాంటియాగో దేవాలయములో భద్రముగనున్నది. ఈ కొండ ఎక్కుటకు ఎనిమిది మైళ్లు, దిగుటకు ఎనిమిది మైళ్లు అని అందులో వ్రాయబడినది. సాన్ జాన్ పరిసరములలో సుంకము వసూలు చేయువారిని ఆ గ్రంథము తీవ్రముగ నిందించినది. వర్తకులనుండి మాత్రమే తీసికొనదగిన సుంకమును వారు యాత్రికులనుండి కూడ బలవంతముగ లాగుకొనిరట; ఈయనివారిని కఱ్ఱలతో కొట్టిరట. ఆ సొమ్ములో వాటా పొందిన ప్రభువులను, వారి పాపమును ఉపేక్షించిన గురువులను సైతము గ్రంథకర్త విడువలేదు.

ఒకే దారి. ఒకచోట గంట మ్రోగించి ప్రాణములు నిలిపినవారు. ఇంకొకచోట కఱ్ఱపట్టి డబ్బులాగినవారు. ఉభయుల కీర్తియు, అపకీర్తియు తొమ్మిది శతాబ్దములు నిలిచినవి. బాటసారి ఒక్క రాత్రియే ఉండి పోవును. కాని ఆ ఊరిని గూర్చి అతడు చెప్పుకొను మాట అతనితో దేశములు తిరుగును.

పంచాయతీలు గ్రహింపదగినది

మన గ్రామముల మీదుగాను యాత్రికులు నడచుచున్నారు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడలోని గుణదల మేరీమాత ఉత్సవమునకు కాలినడకన వచ్చు క్రైస్తవ భక్తులు గలరు. తక్కిన మతములవారి జాతరలకును, తిరునాళ్లకును నడచిపోవువారు ఎందరో గలరు. వారు ఏ దేవుని పేర నడచినను, ఆకలి, దప్పి, అలసట ఒక్కటే.

పైన వర్ణించిన మొదటి దినమును పంచాయతీ సభ్యులు తమ ఊరితో పోల్చి చూచుకొనుట మంచిది. ఊరి పొలిమేరలో దారి గుర్తున్నదా? అది చదువురానివారికి సైతము తెలియునా? తరువాతి నీటిచోటు ఎంత దూరమో ముందుగ చెప్పు ఏర్పాటున్నదా? చలివేంద్రములోని నీరు పరిశుభ్రమైనదా? రాత్రి నడచువారు లారీలపాలు కాకుండ దీపములున్నవా? వాగు పొంగినపుడు దారి మూసి, వేరు దారి చూపు బాధ్యత ఎవరిది? స్త్రీలకు మరుగుదొడ్లు, నిద్రించుటకు సురక్షితమైన చోటు కలవా? యాత్రికుల అవసరమును ఆసరాగొని అధిక ధరలు లాగువారిని అదుపులో నుంచుచున్నారా?

ఈ పనులలో పెద్ద ధనము కోరునవి కొన్నియే. పాఠశాల భవనమును సెలవు దినములలో బసగా ఇచ్చుట, యువకులు వంతులవారీగ దారిలో నిలుచుట, ఇరుగుపొరుగు పంచాయతీలవారు కలసి ఏ ఊరిలో నీరు, ఏ ఊరిలో వైద్యము, ఏ ఊరిలో బస అని ముందుగ పంచుకొనుట సంకల్పముతో సాధ్యమగునవే. ఉత్సవమునకు నెలదినముల ముందు జరుగు పంచాయతీ సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టి, ఏ పని ఎవరిదో పుస్తకమున వ్రాసికొన్నచో సగము పని జరిగినట్లే.

కొద్ది పదులమంది నివసించు కొండపల్లె, సేవకుల సాయముతో, దినమునకు నూటయెనుబదిమందికి పైగా బస కల్పింపగలుగుచున్నది. వేలమంది జనాభాగల మన గ్రామములు తమ పొలిమేరలోని రెండుమూడు కిలోమీటర్ల దారిని భద్రముగ కాపాడలేకపోవునా? ఒక్కొక్క గ్రామము తన పొలిమేరను తాను చక్కగా చూచుకొన్నచో, బాటసారులు క్షేమముగ పోయి, క్షేమముగ మరలి రాగలరు.